చిన్న పాత్ర తన పని మీద రావాలి: కథానాయకుడి తేలని గొడవ, ఉప పాత్రలు

మీరు చెప్పినదాన్ని బట్టి నవల పరిస్థితి ఇదీ. 80 వేల పదాల రాతప్రతి. రఘు హైదరాబాద్‌లో ఉద్యోగి. తండ్రి చివరి నెలల్లో చేసిన ఫోన్లు ఎత్తలేదు. ఆయన పోయిన ఏడాదికి ఇల్లూ, మూడెకరాల పొలమూ అమ్మేయడానికి గోదావరి జిల్లాలోని సొంతూరికి వచ్చాడు. అక్కడ ఐదుగురు తారసపడతారు: చిన్ననాటి స్నేహితుడు, మేనత్త, గుడి పూజారి, బడి మాస్టారు, పొలం కౌలుకు చేస్తున్న వీర్రాజు. చివర్లో రఘు తండ్రి ఫొటో ముందు ఏడుస్తాడు, అమ్మకం మానుకుంటాడు. చదివిన ముగ్గురూ "ఆ మార్పు నమ్మబుద్ధి కాలేదు" అన్నారు. చివరి అధ్యాయాన్ని ఎలా బలపరచాలని మీరు అడుగుతున్నారు.

చివరి అధ్యాయం జోలికి ఇప్పుడే వెళ్ళకండి. లోపం అక్కడ లేదు. ఆ ఐదుగురూ రఘు కోసమే కథలోకి వస్తున్నారు. స్నేహితుడు ఓదార్చడానికి, మేనత్త మందలించడానికి, పూజారి కర్మ గురించి చెప్పడానికి, మాస్టారు తండ్రి మంచితనం గుర్తుచేయడానికి, వీర్రాజు "మిమ్మల్నే తలుచుకుంటూ పోయారు బాబూ" అనడానికి. వీళ్ళెవరికీ ఆ రోజు వేరే పనే లేదు. రఘుకు ఏం జరిగిందో, అతనికి ఏం చెప్పాలో అందరికీ ముందే తెలుసు. రఘు వినడం తప్ప చేయాల్సింది ఏమీ మిగల్లేదు. మంచి మాటలు విని మనిషి మారిపోయాడంటే పాఠకుడు నమ్మడు. తన ఇంట్లో అలా జరగలేదు కాబట్టి.

చిన్న పాత్ర తన సొంత పని మీద రావాలి. ఆ పని నాయకుడు తప్పించుకు తిరుగుతున్న విషయం మీదుగా పోవాలి. అప్పుడు అతను ఏదో ఒకటి చేయక తప్పదు: సంతకం పెట్టాలి, అబద్ధం ఆడాలి, డబ్బు తీయాలి, మూసి ఉన్న గది తెరవాలి. పాఠకుడు అతన్ని తూచేది ఆ చేతలతోనే.

పాత్రల దగ్గరికి వెళ్ళేముందు కాగితం మీద రెండు వాక్యాలు రాసుకోండి. మొదటిది, ఎవరికి ఎవరు ఏం చేయలేదు, ఎందుకు చేయలేదు. "రఘుకు అపరాధ భావం ఉంది" అని రాస్తే పనికిరాదు, అది ఒక భావం పేరు మాత్రమే. "నాన్న ఫోన్ ఎత్తితే, అమ్మ వైద్యానికి పొలం అమ్మేది లేదని ఆయన అన్న రోజు గురించి మాట్లాడాల్సి వస్తుందని రఘు ఎత్తలేదు" అంటే గొడవ తెలుస్తుంది. (ఆ కారణం నేను ఊహించాను. మీ రాతప్రతిలో కారణం ఎక్కడా లేదంటున్నారు, అదీ ఒక లోపమే.) రెండో వాక్యం ఇంకా ముఖ్యం: ఆ విషయం దగ్గరికి వచ్చినప్పుడల్లా రఘు ఎలా జారుకుంటాడు? మాట డబ్బు మీదికి తిప్పుతాడు. "తర్వాత చూద్దాం" అంటాడు. నాన్న గదిలోకి వెళ్ళడు. ఇలాంటివి మూడో నాలుగో ఉంటాయి.

ఇప్పుడు ఒక్కో జారుడు దారికి ఒక్కో మనిషిని అడ్డం పెట్టండి. డబ్బిస్తానంటే తీసుకోని మనిషి ఒకరు. "తర్వాత" అంటే కుదరని మనిషి ఒకరు. ఆ గదిలో ఉన్న వస్తువుతో పనిపడ్డ మనిషి ఒకరు. స్నేహితుడు, మేనత్త, మాస్టారు అంటూ బంధుత్వాల వరసన పాత్రలను ఎంచుకుంటే ఈ అవసరం తీరదు, ఎందుకంటే ఆ పిలుపులన్నీ ఓదార్పుకే దారితీస్తాయి.

ఈ పని ఎలా జరుగుతుందో చూడటానికి డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 27వ అధ్యాయాన్ని మించింది లేదని నా అభిప్రాయం. ఈ నవల 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం అచ్చయింది. కమ్మరి కొలిమి దగ్గర అక్కాబావల పెంపకంలో పెరిగిన పిప్, ఎవరో ఇస్తున్న డబ్బుతో లండన్‌లో దొరబాబులా బతుకుతున్నాడు. పెంచిన బావ జో అంటే ప్రేమ ఉంది. జో మోటుతనం అంటే సిగ్గు ఉంది. ఆ సిగ్గు పడుతున్నందుకు లోపల ఇంకో సిగ్గు ఉంది. జో వస్తున్నాడని ఉత్తరం అందగానే, డబ్బిచ్చి ఆపగలిగితే ఇచ్చేవాణ్ణే అనుకుంటాడు పిప్.

జో ఎందుకొచ్చాడో గమనించండి. పిప్‌ను దారిలో పెట్టడానికి రాలేదు. పిప్ ప్రేమిస్తున్న ఎస్టెల్లా ఇంటికి తిరిగొచ్చింది, పిప్‌ను చూస్తే సంతోషిస్తుంది అన్న కబురు ఆమెను పెంచిన మిస్ హావిషామ్ పంపితే, అది చెప్పడానికి వచ్చాడు. కబురు అందించాలి, వెళ్ళిపోవాలి. ఈలోగా టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక పొయ్యిగూటి అంచున పెడితే అది పదే పదే జారి పడుతుంది. తన చేతుల్లో పెరిగిన పిల్లవాణ్ణి జో "సర్" అని పిలుస్తాడు. పిప్‌కు చిరాకు, జోకు ఇబ్బంది. చివర్లో జో, లండన్‌లో మనిద్దరం ఒకచోట ఉండదగ్గ మనుషులం కాదనీ, కొలిమి దగ్గర తన పాత బట్టల్లో చూస్తే తనలో ఇన్ని తప్పులు కనబడవనీ చెప్పి, భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోతాడు. ఒక్క నింద లేదు. పిప్ తేరుకుని వీధిలోకి పరుగెత్తేసరికి అతను కనబడడు.

చాలామంది రచయితలు ఇక్కడితో నాయకుణ్ణి మార్చేస్తారు. డికెన్స్ మార్చలేదు. తర్వాతి అధ్యాయంలో పిప్ ఊరికి బయల్దేరుతూ, జో ఇంట్లోనే దిగాలనుకుంటాడు. దారి పొడుగునా సాకులు వెతుక్కుని సత్రంలో దిగుతాడు. మీరు నేర్చుకోవాల్సింది నాకు తెలిసి ఈ వెనకడుగే. చిన్న పాత్ర తాకిన ప్రతిసారీ నాయకుడు కొంచెం కదిలి, మళ్ళీ పాత అలవాటులోకి పోవాలి. ఈసారి మాత్రం తను పారిపోతున్నాడని అతనికి తెలుస్తూ ఉండాలి. 30వ అధ్యాయంలో ట్రాబ్ అనే దర్జీ దగ్గర పనిచేసే కుర్రాడు నడివీధిలో పిప్ నడకను వెక్కిరిస్తూ, "నువ్వెవరో నాకు తెలీదు" అన్నట్టు వేషం కడతాడు. ఆ కుర్రాడికి పిప్ లోపలి గొడవ ఏమీ తెలియదు, వాడి సరదా వాడిది. అయినా జో నోరెత్తి అనని మాట వాడి ఆటలో బయటపడింది. 53వ అధ్యాయంలో పిప్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు, కాపాడటానికి వచ్చిన అతని స్నేహితులకు సున్నపు బట్టీ దాకా దారి చూపేదీ ఆ కుర్రాడే. అప్పుడు కూడా వాడు మంచివాడుగా మారిపోయి ఉండడు.

ఈ నియమానికి మినహాయింపు కూడా ఆ నవలలోనే ఉంది. పిప్ చిన్ననాటి స్నేహితురాలు బిడ్డీకి అతని మనసు తెలుసు. తెలిసినా ముందు సలహా ఇవ్వదు, అడుగుతుంది. దొరబాబును కావాలని అతనన్నప్పుడు, ఎస్టెల్లాను ఏడిపించడానికా, దక్కించుకోవడానికా అంటుంది. పిప్ దగ్గర జవాబు లేదు. లోపలి విషయం తెలిసిన పాత్ర మీకు తప్పనిసరైతే ఆమెలా రాయండి: ఒక్క ప్రశ్న, దానికి నాయకుడు చెప్పలేని జవాబు, ఆ తర్వాత మాట మార్పు.

ఇంకా చిన్న పాత్రతో ఇంకా పెద్ద పని చేయించవచ్చనడానికి డొస్టొయెవ్‌స్కీ 'నేరము-శిక్ష' (1866) చూడండి. ఎవరో ముక్కూ మొహం తెలియని చేతిపని మనిషి, హత్య చేసి దాచుకున్న కథానాయకుడు రస్కోల్నికోవ్ కోసం వాకబు చేసి వెళ్ళిపోతుంటాడు. ఇతను వెంటపడి అడిగితే "హంతకుడా" అంటాడు, అంతే. అతనికి దివ్యదృష్టి ఏమీ లేదు. హత్య జరిగిన భవనంలోనే ఉంటాడు. రస్కోల్నికోవ్ అక్కడికి మళ్ళీ వచ్చి నెత్తురు గురించి అడిగినప్పుడు విన్నాడు, ఎవరూ పట్టించుకోలేదే అని మథనపడ్డాడు. తర్వాత అతనే వచ్చి, తప్పుగా అనుకున్నానని నేలకు వంగి క్షమాపణ చెబుతాడు. నిందకు వణికిన హంతకుడు ఇప్పుడు తనకు తగని క్షమాపణను అందుకోవాలి. రెండే ప్రవేశాలు, రెంటికీ కారణం అతని సొంత బతుకులోనే ఉంది.

చిన్న పాత్ర ప్రయత్నం ఫలించి తీరాలని కూడా లేదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో రామయ్య తాత ఎంత సూటిగా మాట్లాడినా సీతారామారావు పతనం ఆగదు. అక్కడ తాత ఉండటం వల్ల తెలిసేది, సీతారామారావుకు వేరే దారి ఎదురుగానే ఉందని, అతను పట్టలేదని.

ఇక మీ వీర్రాజు. మీ దగ్గర ఉన్న ఐదుగురిలో బంగారం లాంటి పాత్ర ఇతనే. అతని చేత తండ్రి గుణగణాలు చెప్పించి వృథా చేశారు. కౌలు రైతుకు సొంత గడువు ఉంటుంది. డిసెంబరులో సార్వా (తొలి పంట) కోతలయ్యాక దాళ్వాకు (రెండో పంటకు) నారుమడి వేయాలా వద్దా అన్నది కొద్ది రోజుల్లో తేలాలి. కొనేవాడు పొలం ఖాళీగా కావాలంటే వీర్రాజు ఇప్పుడే వేరే చేను చూసుకోవాలి. రఘు "తర్వాత చూద్దాం" ఇక్కడ చెల్లదు.

మొదటి సన్నివేశం, నవల 8 నుంచి 12 వేల పదాల దగ్గరికి వచ్చినప్పుడు. వీర్రాజు పొద్దున్నే వచ్చి నారుమడి సంగతి అడుగుతాడు. రఘు తప్పించుకోవడానికి "నీ నంబరివ్వు, రేపు చేస్తా" అంటాడు. వీర్రాజు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. రఘు ఫోన్ మోగదు. "ఇక్కణ్ణుంచి పోతోంది గానీ మీకు మోగట్లేదండి రఘుబాబుగారూ" అని మళ్ళీ నొక్కుతాడు. ఎందుకు మోగడం లేదో రఘుకు అర్థమవుతుంది. తన నంబరు ఎత్తడం లేదని తండ్రి చివరి రోజుల్లో వీర్రాజు ఫోన్ అడిగి చేశాడు. తెలియని నంబరు నుంచి వచ్చిన తండ్రి గొంతు విన్న రోజునే రఘు దాన్ని బ్లాక్ చేశాడు. ఇప్పుడు రఘు "ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు" అంటాడు. తండ్రి పేరు ఎవరూ ఎత్తలేదు. గొడవ మొత్తం గుమ్మంలోకి వచ్చేసింది.

రెండోది 35 నుంచి 40 వేల పదాల మధ్య. మొదటి దాని కంటే ఖరీదు పెరగాలి. ఎకరానికి ఎన్ని బస్తాల కౌలు, ముంపు వచ్చిన ఏడు ఎంత వదిలేశారు, ఎంత ముందే ముట్టింది అన్న లెక్కలో తేడా వస్తుంది. రఘు "ఎంతో చెప్పు, ఇచ్చేస్తా" అంటాడు. వీర్రాజు డబ్బు అడగడు. "పుస్తకంలో అయ్యగారు రాశారండి, అది చూసి చెప్పండి, చాలు" అంటాడు. పుస్తకం నాన్న గదిలో ఉంది. దాంట్లో బస్తాల లెక్కే ఉండాలి, 75 కిలోల బస్తాలు, తేదీలు, అంతే. "నా కొడుకు ఫోన్ ఎత్తలేదు" లాంటి వాక్యం ఒక్కటి రాశారా, సన్నివేశం పోయినట్టే. మహా అయితే ఒక అంకె పెట్టండి: వీర్రాజు ఫోన్ రీచార్జికి ఇచ్చిన డబ్బు, నాలుగు నెలలు వరసగా. పాఠకుడు మిగతాది కలుపుకుంటాడు.

మూడోది 62 నుంచి 68 వేల మధ్య. వీర్రాజు వేరే చేను కుదుర్చుకున్నాడు. మోటారు షెడ్డు తాళం ఇచ్చేయడానికి వచ్చాడు. ఇప్పుడతనికి రఘుతో ఏ అవసరమూ లేదు. అందుకే రఘు తనంతట తనే చెప్పాలి: "ఆ రోజు సిగ్నల్ ఉంది. నీ నంబరు నేనే ఆపేశాను." వీర్రాజు క్షమించకూడదు, తిట్టకూడదు. మోటారు స్టార్టర్ తడిసిందనీ, కొనేవాళ్ళకు చెప్పమనీ చెప్పి వెళ్ళాలి. తన ఒప్పుకోలు వల్ల ఏ లాభమూ లేని మనిషి ముందు రఘు నోరు విప్పాడు. మీరు ఫొటో ముందు ఏడిపించి సాధించాలనుకున్నది ఇక్కడ జరిగిపోతుంది.

ఒక్కో సన్నివేశం 700 నుంచి 1,000 పదాలు. మూడూ కలిపి 3 వేలు దాటవు, అంటే నవలలో నాలుగు శాతం కూడా కాదు. చిన్న పాత్రకు అంతకంటే చోటిస్తే అతని సంసారం, అప్పులు, కూతురి పెళ్ళి కథలోకి వస్తాయి, రఘు పక్కకు పోతాడు. 80 వేల పదాల నవలకు ఈ పని చేసే పాత్రలు ముగ్గురు చాలు. ఐదుగురైతే ప్రతి అధ్యాయంలోనూ ఎవరో ఒకరు గాయం మీద చెయ్యి వేస్తూ, ఊరంతా కూడబలుక్కున్నట్టు ఉంటుంది.

కాబట్టి స్నేహితుణ్ణీ మాస్టార్నీ తీసేయండి. మేనత్తను ఉంచండి. ఆమె మందలింపు తీసేసి, పుట్టింటి గంగాళం పట్టుకుపోవడానికి వచ్చినట్టు రాయండి. పూజారిని మాత్రం కొంచెం మార్చాలి. గుడి పూజారి వేరు, తద్దినాలు పెట్టించే పురోహితుడు వేరు, మీ కథకు కావాల్సింది రెండో ఆయన. తండ్రి పోయి ఏడాది అయింది గనక సంవత్సరీకం ఉంటుంది. ఆయన తన పనిగా గోత్రం, తండ్రి తాత ముత్తాతల పేర్లు అడుగుతాడు. రఘుకు ముత్తాత పేరు తెలియదు, చెప్పగలిగిన ఒక్క మనిషి పోయాడు. పైగా ఆయన "ఈ రోజుల్లో ఇంత దూరం వచ్చి చేయించే కొడుకులు ఎక్కడున్నారు నాయనా" అని మెచ్చుకుంటాడు. తగని మెప్పు తిట్టు కంటే లోతుగా దిగుతుంది. నిందిస్తే రఘు వాదించగలడు, మెచ్చుకుంటే ఏమనగలడు?

సంబోధన మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. తెలుగులో రాసేవాళ్ళకు ఇది చేతికందిన పనిముట్టు, మీ రాతప్రతిలో ఎక్కడా వాడుకోలేదు. వీర్రాజు మొదట్లో "రఘుబాబుగారూ" అంటాడు, రఘు చిన్నప్పటి నుంచీ అతనికి తెలుసు. లెక్క తేడా వచ్చాక "మీరు" ఉంటుంది గానీ పేరు పోతుంది. తాళం ఇచ్చేటప్పుడు "సార్" అంటాడు. రఘు వైపు నుంచీ మార్పు రావాలి: వయసులో పెద్దవాడైన వీర్రాజును మొదట "నువ్వు" అంటాడు. ఎక్కడ "మీరు"లోకి మారతాడో మీరే నిర్ణయించుకోండి, కానీ ఒక్కసారే మారాలి, ఆ మార్పు గురించి కథకుడు మాట్లాడకూడదు. ఒకే సన్నివేశంలో పొరపాటున రెండూ కలిసిపోతే ఈ శ్రమంతా దండగ. అచ్చుకు ముందు సంబోధనల కోసమే ఒకసారి చదవండి.

ఎక్కువగా చెడిపోయేది ఎక్కడో కూడా చెప్పాలి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం పేదవాడైన జ్ఞాని. చదువుకున్న నాయకుడికి కళ్ళు తెరిపించడానికే పుట్టినట్టుండే పాలేరు, పనిమనిషి, రిక్షా తొక్కే ముసలాయన. మన నవలల్లో, సీరియళ్ళలో వీళ్ళు కోకొల్లలు. ఆ మనిషి బతుకును నాయకుడి మనశ్శాంతికి ఖర్చు పెట్టడం అన్యాయం, కథగా కూడా బలహీనం. వీర్రాజు అప్పుడప్పుడూ తప్పు చేయాలి, లెక్కలో ఒక బస్తా తనవైపు లాగాలి, కోపం రావాలి. దీని పక్కనే ఉండే రెండో ప్రమాదం, నాయకుణ్ణి కదిలించడానికి చిన్న పాత్రను చంపేయడం. వీర్రాజు కరెంటు షాక్‌తో పోతే రఘు ఏడుస్తాడు, నిజమే. ఆ ఏడుపు కొత్త చావు కోసం. పాత గొడవ అలాగే ఉండిపోతుంది, పాఠకుడు మాత్రం అది తీరిందని మోసపోతాడు.

మిగతావి త్వరగా సరిచేసుకోవచ్చు. యాస పాత్రకు అలంకారంగా కాకుండా మాట తీరులో ఉండాలి, ప్రతి మాటా వంకర రాత రాయనక్కర్లేదు. అవసరానికి ఊడిపడి మాయమైపోయే పాత్రకు ముందే ఒక చిన్న కనబాటు ఇవ్వండి, గట్టు మీద సైకిల్‌తో వెళ్తూ కనిపించినా చాలు. కథ ఉత్తమ పురుషలో (రఘు "నేను" అంటూ చెబుతున్నట్టు) ఉంటే ఇంకో జాగ్రత్త: రఘు తన గురించి తాను సరిగా చెప్పడు, అందుకే ఎదుటివాళ్ళ ముఖం, తగ్గే మాటలు, తాగకుండా వదిలేసిన టీ అతని బదులు చెప్పాలి.

సవరించేటప్పుడు ప్రతి చిన్న పాత్ర సన్నివేశానికీ నాలుగు గడులు గీయండి: ఏ పని మీద వచ్చారు, ఏం తీసుకుని వెళ్ళారు, రఘు ఏం చేశాడు, తర్వాత ఎక్కడికి వెనక్కి జారాడు. మొదటి గడిలో "రఘుకు చెప్పడానికి" అని పడితే సన్నివేశం తిరగరాయాలి. మూడో గడిలో "ఆలోచించాడు", "గుర్తుచేసుకున్నాడు" అని పడినా అంతే. తర్వాత ఆ రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ చిన్న పాత్ర ఏం చేసిందో ఒక పేజీ రాయండి, నవలలో పెట్టడానికి కాదు. ఆ పేజీలో రఘుతో గడిపిన సమయం పావుగంట కంటే ఎక్కువ ఉండకూడదు.

వరస ఇలా పెట్టుకోండి. ముందు వీర్రాజు మూడు సన్నివేశాలూ రాయండి, మిగతా ఏదీ ముట్టుకోవద్దు. తర్వాత పురోహితుడిది. అప్పుడు చివరి అధ్యాయం తెరవండి. ఫొటో ముందు ఏడుపు అక్కర్లేదని మీకే తోచవచ్చు. రఘు పొలం అమ్మినా అమ్మకపోయినా నవలకు వచ్చే నష్టం ఏమీ ఉండదు. పాత ప్రతి చదవని ఇద్దరికి ఇచ్చి, "రఘు ఏ పేజీలో మారాడనిపించింది" అని మాత్రమే అడగండి. తాళం ఇచ్చే చోటో, అంతకు ముందో చూపిస్తే సరే. చివరి అధ్యాయమే చూపిస్తే, లెక్కల పుస్తకం సన్నివేశంలో రఘు ఇంకా ఏమీ పోగొట్టుకోలేదని అర్థం. దాన్నే మళ్ళీ రాయండి.